త్రాటిచక్రము



పైరుపచ్చలను గూర్చియు, పశువుల రోగములను గూర్చియు, పంచాయతీ వ్యవహారములను గూర్చియు ఉపన్యాసములు వినుట కలవాటుపడిన మీకు, నేడు నేనొక ఆటవస్తువును గూర్చి చెప్పబూనుట వింతగా తోపవచ్చును. 68 ఏండ్ల వయస్సున మనుమని ఆటవస్తువును చేతబట్టి వీధి యరుగుపై నిలుచుండిన నన్ను జూచి మా యూరివారును అట్లే వింతపడిరి. బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్నవాడు గదా, వీనికి వేరు పని లేదు కాబోలు ననుకొన్నవారును కలరు. వారు తలచినది అసత్యమని నేననజాలను.

ఆ వస్తువు పేరు యోయో. రెండు గుండ్రని బిళ్లలు, వాని నడుమ ఒక పొట్టి ఇరుసు, ఆ ఇరుసునకు తగిలించిన దారము. దాని సర్వస్వము నింతియే. దారమును ఇరుసుచుట్టు చుట్టి, రెండవ కొనను వ్రేలికి తగిలించి క్రిందికి విసరినచో చక్రము గిరగిర తిరుగుచు దిగును. మరల దారమును తానే చుట్టుకొనుచు చేతికెక్కి వచ్చును. మన బొంగరమునకును దీనికిని దగ్గర చుట్టరికము కలదు. అయితే బొంగరము ఒకసారి త్రాటిని విడిచినచో మరల మనము వంగి తీసికొని చుట్టవలసినదే. ఇది త్రాటిని విడువదు.

ఈ వస్తువు మా యింటికి వచ్చిన విధము చెప్పెదను. మా మనుమనికి 11 ఏండ్లు. పండుగలకు చుట్టములిచ్చిన రూపాయలను ఒక డబ్బాలో ఏడాదిపాటు కూడబెట్టి, తండ్రిచేత పట్టణము నుండి 1,450 రూపాయలు పెట్టి లోహపు యోయో నొకదానిని తెప్పించుకొనెను. చూచుటకు అద్దమువలె మెరయుచుండెను. వాడు దానిని విసరెను; అది దిగి, త్రాటి చివర తుమ్మెదవలె రొద చేయుచు తిరుగుచుండెను. కాని చేయి పైకి లాగినను అది తిరిగి రాలేదు. తిరిగి తిరిగి ఆగిపోయి, నూతిలోని చేదవలె వ్రేలాడెను. వాడు మరల చుట్టెను, మరల విసరెను. వారము దినములు ఇదే పని. ఒకనాడు ఇంటికి వచ్చిన బంధువులు నవ్వుచుండగా నేను వానితో, "నీకు నిలుకడ లేదురా, నిలుకడ లేనివానికి ఏ విద్యయు పట్టువడదు" అంటిని. పంతులు నోటికి అట్టి వాక్యములు వెదకకయే వచ్చును. వాడు మారు పలుకక దానిని దాని పెట్టెలో పెట్టి అటకపై వైచెను.

రెండు నెలల పిమ్మట మా ప్రక్కయింటి కుర్రవాడు, విశాఖపట్టణమున ఇంజనీరింగు చదువుచున్నవాడు, సెలవులకు వచ్చి అటకపైనుండి ఏదో దింపుచు ఆ పెట్టెను చూచెను. మూత తీసి ఇరుసును కంటిదగ్గర పెట్టుకొని, "తాతగారూ, ఇది తిరిగి రాదండీ. రాకుండునట్లే దీనిని చేసినారు" అనెను. నాకు మొదట వాని మాట అర్థము కాలేదు. అర్థమైన పిమ్మట ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

సంగతి యేమనగా, యోయోలు రెండు జాతులు. లాగగనే తిరిగివచ్చునవి ఒక జాతి. లాగినను రానివి వేరొక జాతి. ఈ భేదము తెలియక కొనుటచేతనే అనేకుల డబ్బును, ఉత్సాహమును అటకలెక్కుచున్నవి. దీని కీలు కొంచెము వివరింతును. మోటు పంపులను, సైకిళ్లను విప్పి బిగించిన మీకు ఇది కష్టము కాదు.

దారమును ఇరుసునకు ముడివేయరు. దారపు చివర ఒక ఉచ్చువంటి కంత చేసి ఇరుసునకు తొడిగింతురు. అందుచేత చక్రము అడుగునకు చేరిన తరువాత ఆ కంతలోనే ఇరుసు తిరుగుచుండును. దీనినే నిద్ర యందురు. బొంగరము నిదురపోయినదని మన పిల్లలు అనుట లేదా, అట్లే. ఆ స్థితిలో వ్రేలితో ఒక చిన్న కుదుపు ఇచ్చినచో దారము ఒక్క క్షణము వదులగును. వదులైన దారము ఇరుసునో, బిళ్లల లోపలి గరుకు అంచునో పట్టుకొనును. పట్టుకొన్న మరుక్షణమే, తిరుగుడు ఇంకను మిగిలియున్నది కావున, చక్రము దారమును చుట్టుకొనుచు పైకెక్కును. పాతకాలపు కర్ర యోయోలలో ఇరుసు కేవలము కర్రపుల్ల. ఇప్పటివానిలో ఇరుసుమీద చిన్న బేరింగు ఉండును. బేరింగు సన్ననిదై, బిళ్లల నడుమ సందు ఇరుకైనచో దారము సులభముగా పట్టుకొనును. అది తిరిగివచ్చు జాతి. సందు వెడల్పై, బేరింగు నునుపుగా తిరుగునదైనచో దారము దేనిని పట్టుకొనదు. అది రాని జాతి.

మరి రానిదానిని చేయుట యెందులకు? ఆరితేరినవారు తిరుగుచున్న చక్రమును దారముమీదనే నిలిపి, దానిని వ్రేళ్లకు మడతలు మడతలుగా వేసి, ఊయలలుగను, నిచ్చెనలుగను చేయుదురు. మడతలు సందులో దూరినప్పుడెల్ల చక్రము పైకి ఎగిరివచ్చినచో వ్రేళ్ల కణుపులు పగులును. కనుక వారికి అడుగనిదే రాని చక్రము కావలెను. రప్పించుకొనవలసినప్పుడు దారమును ఒక మడతచేసి సందులోనికి తామే త్రోయుదురు. ఆ మడత ఒరసికొని పట్టుకొనగా అది వచ్చును. మొదటిదినమే దీనిని చేతికిచ్చుట, ఓనమాలు దిద్దని బాలునికి వ్యాకరణము ఇచ్చుట వంటిది. మా వానికి జరిగినది అదియే. అమ్మినవాడు ఆ మాట చెప్పలేదు. కొన్న మాకు అడుగవలెనని తెలియలేదు.

మరునాడు నేను పట్టణమునకు పోయి, ఎవరితోను చెప్పక, వెలతక్కువ యోయోలు మూడింటిని కొంటిని. వాని పరీక్ష గూర్చి కొంచెము విపులముగా చెప్పుట నాకిష్టము, ఏలయన ఆ మూడు వారములు నేను చాల సుఖపడితిని.

మొదటిది జాతర దుకాణములలో అమ్మునట్టిది, 30 రూపాయలు. రంగు బాగున్నది గాని రెండు బిళ్లలు సమముగా లేవు. విసరగనే కల్లు త్రాగినవానివలె ఒక ప్రక్కకు ఒరిగి, దారమునకు బిళ్ల తగిలి ఆగిపోవుచుండెను. పైగా దారమును ఇరుసునకు గట్టిగా ముడివేసినారు. కనుక అది నిదురపోదు, దిగి వెంటనే ఎక్కును. చంటిపిల్లల చేతికి మంచిది. రెండవది 120 రూపాయలది. ప్లాస్టిక్కు బిళ్లలు, లోపల లోహపు పుల్ల ఇరుసు. ఇది నెమ్మదిగల వస్తువు. నాలుగైదు క్షణములు నిదురపోవును, పిలిచిన వచ్చును. మూడవది 220 రూపాయలు; ప్లాస్టిక్కే గాని సన్నని బేరింగు కలది, సీతాకోకచిలుక రెక్కలవలె బిళ్లలు వెలుపలికి విచ్చుకొన్నది. దీనితో నావంటివాడు సయితము పదిదినములలో చక్రమును 15 క్షణములు నిదురపుచ్చగలిగెను. మూడింటికిని కలిపి ఆ లోహపు దాని వెలలో నాల్గవపాలునకు కొంచె మెక్కువ మాత్రమే అయినది. మొదట కొనువాడు ఇట్టి మూడవదానిని కొనవలెననియే నా యభిప్రాయము; వెలను బట్టి గాక, "లాగిన వచ్చునా?" యని అడిగి కొనవలెను.

వెలతక్కువ వస్తువు బాగుగా ఆడునా యని సందేహింపవచ్చును. చక్రము ఎంతసేపు తిరుగునో నిర్ణయించునది మెరుగు కాదు, బరువు ఉన్న చోటు. కుమ్మరిసారెను చూడుడు. దాని బరువంతయు అంచున నుండుటచేతనే ఒకసారి కర్రతో త్రిప్పి వదలినచో కుండ దిగువరకు తిరుగుచుండును. యోయోకును అంతే. బరువు అంచున ఉన్నచో నిదుర ఎక్కువ. ఇరుసువద్ద ఉన్నచో తక్కువ. అంచున బరువుంచిన ప్లాస్టిక్కు చక్రము, అట్లుంచని లోహపు చక్రముకంటె మేలు.

ఈ వస్తువు ఎక్కడిది అని మీరడుగవచ్చును. చాల పాతది. క్రీస్తునకు పూర్వము 440 ప్రాంతపు గ్రీకు పాత్ర యొకటి బెర్లినులో కలదు. దానిమీద ఒక బాలుడు దారపు చక్రము నాడుచున్నట్లు చిత్రించినారు. మన దేశమున 1770 ప్రాంతపు ఉత్తరాది చిత్రమొకదానిలో ఒక స్త్రీ ఇట్టి చక్రమును ఆడించుచున్నది. హిందీ మాటలాడువారు దీనిని చకరీ యనియు, వ్రజభాషవారు చకడోరీ యనియు అందురు. ఇంగ్లండులో 18వ శతాబ్దిలో దీనికి బాండలోర్ అని పేరు. అమెరికాలో సిన్సినాటి నగరమునకు చెందిన ఇద్దరు 1866లో దీనికి పేటెంటు పొందిరి.

కాని నేడు లోకమంతట ఆడు యోయో ఫిలిప్పీను దీవుల బిడ్డ. పేరును ఆ దేశపుదే. ఆ దేశమున పుట్టి అమెరికా చేరిన పెడ్రో ఫ్లోరెస్ అను నతడు, కాలిఫోర్నియాలో శాంటా బార్బరా నగరమున 1928లో యోయోలు చేయు కంపెనీ పెట్టెను. ముడివేయక దారపు కంతలో ఇరుసును తిరుగనిచ్చు పద్ధతి తన దేశపు పిల్లల నుండి అతడు తెచ్చినదే. నిద్ర యనునది అందుచేతనే సాధ్యమైనది. కొలదికాలములోనే డంకన్ అను వ్యాపారి ఆ కంపెనీని కొనెను. ఫిలిప్పీను యువకులను ఊరూర అంగళ్ల ముందర నిలిపి ఆడించి, పిల్లలు కొన్న యోయోలమీద చాకుతో చెట్లను పక్షులను చెక్కి యిచ్చునట్లు ఏర్పాటు చేసెను. 1932లో లండనులో జరిగిన పోటీలో కెనడా బాలుడు హార్వీ లో, 13 ఏండ్లవాడు, జగజ్జెట్టియైనాడు. ఫిలిప్పీను వేటగాండ్రు చెట్టెక్కి దీనిని ఆయుధముగా విసరుచుండిరని యొక కథ వ్యాపించినది. దానికి నమ్మదగిన ఆధారము లేదు. దేనినైనను కొట్టిన చక్రము చేతికి తిరిగిరాదని రెండుదినములు ఆడినవానికే తెలియును.

డంకన్ కంపెనీ యోయో యను పేరు తనదేయని పట్టుబట్టినది. 1965లో అమెరికా అప్పీలు కోర్టు, ఇది వస్తువు పేరే గాని ఒకరి సొత్తు కాదని తీర్పు చెప్పినది. ఆ కాలముననే కంపెనీ దివాలా తీయగా, 1968లో ఫ్లాంబో అను ప్లాస్టిక్కు సంస్థ డంకన్ పేరును కొనెను; ఆ పేరుతో యోయోలు నేటికిని వచ్చుచున్నవి. ఆ పేరును ఎవరైనను వాడవచ్చునను ఆ తీర్పు వలననే వెలతక్కువ యోయో సులభమైనదని నాకు తోచుచున్నది. 1985లో డిస్కవరీ యను ఆకాశనౌకలో దీనిని తీసికొనిపోయి ఆడిచూచిరి. అక్కడ బరువు తోపదు గనుక అది నిదురపోలేదు. త్రాటి చివరకు పోయి తిరిగి వచ్చుచుండెను. నిద్రకు భూమి లాగుట అవసరమని దీనివలన తేలినది.

ఇక ఆడు విధము. చక్రమును నేలపై నిలిపి దారమును నిటారుగా పట్టి, ఆడువాని బొడ్డు ఎత్తున కోసి, ముడికి కొంచెము విడువవలెను. పొడవు దారముతో పిల్లలు ఆడలేరు. ఎక్కువమంది ఇచ్చటనే చెడుదురు. కోసిన కొనకు ఒక కన్నె ముడివేయవలెను. ఆ కన్నెలో వ్రేలు దూర్చరాదు. కన్నెలోనుండి దారమునే తీసి జారుముడి చేసి, నడిమి వ్రేలికి మొదటి రెండు కణుపుల నడుమ తొడుగవలెను. చక్రమును అరచేత పట్టినప్పుడు దారము చక్రపు పైభాగమునుండి వ్రేలికి రావలెను, అడుగునుండి కాదు. మోచేయి మడచి, అరచేయి ఆకాశమునకు చూపి, గింజలు చల్లినట్లు గాక మేకు దిగగొట్టినట్లు తిన్నగా క్రిందికి విసరవలెను. వెంటనే అరచేతిని నేలవైపు త్రిప్పి ఉంచవలెను. చక్రము ఒరిగినచో తప్పు చక్రముది కాదు, మణికట్టుది. జాతర చక్రము విషయమున మాత్రము ఈ మాట చెల్లదు.

దారము పేనిన దారము. ఆడగా ఆడగా దాని మెలి బిగియుటయో సడలుటయో జరుగును. బిగిసినచో చక్రము నిదురపోదు. సడలినచో తిరిగి రాదు. వ్రేలినుండి తీసి, చక్రమును గాలిలో వ్రేలాడదీసినచో అదియే తిరిగి మెలి సరిదిద్దుకొనును. నార పేనిన చేతులకు ఇది చెప్పనక్కరలేదు. నూలు దారము చెమటకు నానును; నలుపెక్కిన వెంటనే మార్చవలెను. తెగిన దారముతో మా గోడగడియారపు అద్దము పోయినది. విసరినది నేనే. పైన దీపములు, వెనుక పసిపిల్లలు లేనిచోట ఆడుట మంచిది. వ్రేలు నీలిరంగు తిరిగినచో కొంతసేపు ఆపవలెను.

నిద్ర వచ్చిన పిమ్మట విద్యలు తామే వచ్చును. నిదురించు చక్రమును నేలకు మెల్లగా తాకించినచో ముందునకు పరుగెత్తును. దీనిని కుక్కను నడిపించుట యందురు. మా సిమెంటు అరుగుమీద బాగుగా నడచును, పేడతో అలికిన నేలపై తొట్రుపడును. దారమును రెండుచేతుల త్రికోణము చేసి దాని నడుమ చక్రము నూపుట తొట్టిలో బిడ్డ నూపుట. ఇది నాకు ఇంకను చక్కగా రాలేదు.

మా యూరు ఏటికొప్పాకకు దూరము కాదు. వరాహనది యొడ్డున తరిమెన పట్టి, అంకుడు కర్రకు లక్క రంగులు వేసి వారు చేయు పిడతలు, బొంగరములు మీరెరిగినవే. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. అక్కడి పనివాని నొకనిని కర్ర యోయో చేయుమని అడిగితిని. అతడు ప్లాస్టిక్కు దానిని చూచి నవ్వి, అరగంటలో చేసి యిచ్చెను. పసుపు ఎరుపు చారలతో ముచ్చటగా నున్నది గాని విసరిన వెంటనే ఒరిగినది. మా కంసాలి త్రాసులో రెండు బిళ్లలను తూచగా రెండు గ్రాముల తేడా. గరుకు కాగితముతో ఆ తేడా తీసితిమి. ఒరుగుట పోయినది, కాని అంకుడు తేలికకర్ర గనుక నిదుర రెండు క్షణములకు మించలేదు. రెండవమారు అతడు తుమ్మచేవతో చేసెను. అంచు దళసరిగా ఉంచి నడుమ లోతుగా తొలిచెను. ఎవరును చెప్పకయే సారె సూత్రము అతని చేతికి తెలిసియుండెను. ఇది ఏడెనిమిది క్షణములు నిదురపోవుచున్నది. మా యింట అన్నింటికంటె దీనికే మర్యాద యెక్కువ.

మనుమని సంగతి మరచితి ననుకొనకుడు. 220 రూపాయలదానిని పట్టుకొని వాని దగ్గరకు పోయి, అటకమీదిది తిరిగిరాని జాతిదని, వాని చేతిలో లోపము లేదని, నేనన్న మాట తప్పని చెప్పితిని. పంతులుగా 35 ఏండ్లు పనిచేసినవానికి ఆ చివరి మాట నోట పలుకుట, మీరు నవ్వకుడు, సులభము కాలేదు. వాడు కొంతసేపు చక్రమును చేతిలో అటునిటు త్రిప్పి, "అయితే అప్పుడు తప్పు నాది కాదా తాతయ్యా?" అని అడిగెను. కాదంటిని. "మరి చుట్టాలందరికీ చెప్తావా?" అనెను. చెప్పెదనంటిని. ఇద్దరికి ఉత్తరములు వ్రాసితిని. మిగిలినవారు ఇది వినుచుందురు.

వాడు కొత్తదానిని విసరెను. మొదటిసారి రాలేదు. రెండవసారి వచ్చి అరచేత టప్పున పడినది. ఆ సాయంకాలము అన్నమునకు పిలిచినను రాలేదు. ఆరు నెలలైనది. గత ఆదివారము వాడే అటకనెక్కి ఆ లోహపుదానిని దింపి, దుమ్ము తుడిచి, విసరి, అది రొద చేయుచుండగా ఎడమచేతి వ్రేలితో దారమును మడచి సందులో త్రోసినాడు. నాలుగుమారులు తప్పినది. అయిదవమారు అది వచ్చినది. ఇప్పుడు వాడు నాకు ఆ మడత నేర్పుచున్నాడు. నాకు నిలుకడ లేదని వాని యభిప్రాయము.